నర్సింగ్ విద్యార్థులకు వ్యక్తి కేంద్రిత సంరక్షణ: తరగతిలో చెప్పినది పడక దగ్గర కనిపించాలంటే ఏం చేయాలి?

ప్రశ్న (నర్సింగ్ బోధకురాలు)

అందరికీ నమస్కారం. నేను మెడికల్ సర్జికల్ నర్సింగ్ బోధిస్తూ, రెండో, మూడో సంవత్సరం విద్యార్థులను వార్డు పోస్టింగులకు తీసుకువెళుతుంటాను. వ్యక్తి కేంద్రిత సంరక్షణ మా పాఠ్యప్రణాళికలో ఉంది, దాని మీద తరగతులు జరుగుతాయి, పరీక్షలో నిర్వచనం అడిగితే దాదాపు అందరూ తప్పులేకుండా రాస్తారు. అయితే రోగి విలువలనూ ఇష్టాలనూ గౌరవించాలని, నిర్ణయాలలో ఆయనకు భాగం ఉండాలని కాగితం మీద అంత బాగా రాసినవారే వార్డులోకి వచ్చేసరికి మనిషి ముఖం కంటే ముందు కేస్ షీటు చూస్తున్నారు, "ఆరో బెడ్ డయాబెటిక్ ఫుట్" అని తమలో తాము చెప్పుకుంటున్నారు.

నా ఆందోళన ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక విద్యార్థిని కాలి పుండుకు డ్రెస్సింగు చేస్తోంది. చేతులు కడుక్కోవడం దగ్గర నుంచి స్టెరైల్ ఫీల్డు (క్రిములు లేకుండా ఉంచిన పని చోటు) కాపాడుకోవడం వరకు ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మధ్యలో ఆ పెద్దావిడ, "ఇంటికి వెళ్ళాక దీన్ని ఎవరు మారుస్తారమ్మా, నాకు కాలు వంచి చూసుకోవడమే కుదరదు" అంది. "డాక్టరు గారు చెబుతారులెండి" అని విద్యార్థిని తన పని కొనసాగించింది. చెక్‌లిస్టు ప్రకారం ఆమెకు పూర్తి మార్కులు ఇవ్వాలి. కానీ డిశ్చార్జికి ముందు మనం తెలుసుకోవలసినదంతా ఆ పెద్దావిడ మాటలోనే ఉంది: ఇంట్లో తోడు ఉన్నారా లేదా, చూపు ఎలా ఉంది, మోకాలు ఎంతవరకు వంగుతుంది, పుండు మళ్ళీ ముదిరితే దాన్ని మొదట గమనించేది ఎవరు. ఆ విద్యార్థిని కఠినురాలు కాదు, పని మీద శ్రద్ధ ఉన్న అమ్మాయే. తన చేతిలో ఉన్న పనికీ, ఆ ప్రశ్నకూ సంబంధం ఉందని ఆమెకు తోచలేదు, అంతే.

కాబట్టి అనుభవజ్ఞులను అడుగుతున్నాను. ఇది స్వభావంతో రావలసిన గుణమా, లేక ఇంజెక్షను ఇవ్వడం నేర్పినట్లు క్రమపద్ధతిలో నేర్పగలిగిన నైపుణ్యమా? నేర్పగలిగితే మొదటి సంవత్సరం నుంచి ఏ వరుసలో నేర్పాలి? రద్దీ వార్డులో సమయం ఎక్కడి నుంచి తేవాలి? అన్నిటికంటే ముఖ్యంగా, దీనికి మార్కులు ఎలా వేయాలి? దయతో మాట్లాడాలి, చిరునవ్వుతో ఉండాలి అనే స్థాయి సలహాలు మా దగ్గర చాలినన్ని ఉన్నాయి గనుక, మీరు నిజంగా అమలు చేసి చూసిన పద్ధతులను చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1 (విశ్రాంత నర్సింగ్ అధ్యాపకురాలు)

మీరు చెప్పిన ఉదాహరణ చదివాక, స్వభావమా నైపుణ్యమా అన్న ప్రశ్నకు జవాబు మీరే ఇచ్చారని నాకు అనిపించింది. శ్రద్ధ ఉన్న అమ్మాయికి సంబంధం తోచలేదంటే, ఆ సంబంధాన్ని చూడడం ఎవరూ నేర్పలేదని అర్థం. నైపుణ్యం సంపాదించే దశల గురించి ప్యాట్రీషియా బెన్నర్ 1984లో వివరించిన క్రమాన్ని గుర్తు చేసుకోండి. కొత్తగా నేర్చుకునేవారు నియమాన్ని పట్టుకుని నడుస్తారు, సందర్భాన్ని బట్టి ఏది ముఖ్యమో తేల్చుకునే శక్తి అనుభవంతోనే వస్తుంది. రెండో సంవత్సరం విద్యార్థిని మనసంతా స్టెరైల్ ఫీల్డు మీద ఉన్నప్పుడు రోగి మాట చెవిన పడినా మనసుకు చేరకపోవడం సహజం. దాన్ని నిర్దయ అనుకుని మందలిస్తే ఆమె ఇంకా బిగుసుకుపోతుంది.

బ్రెండన్ మెక్‌కార్మాక్, తాన్యా మెక్‌కాన్స్ 2006లో ప్రచురించిన వ్యక్తి కేంద్రిత నర్సింగ్ చట్రం నాకు బోధనలో ఎంతగానో ఉపయోగపడింది. అందులో నర్సుకు ముందుగా ఉండవలసిన అర్హతలుగా వృత్తి సామర్థ్యం, మనుషులతో మెలిగే నేర్పు, పని పట్ల నిబద్ధత, తన విలువల గురించి స్పష్టత, తనను తాను తెలుసుకోవడం అనే అయిదింటిని చెప్పారు. వృత్తి సామర్థ్యం కూడా ఆ జాబితాలో ఉందన్న సంగతిని చాలామంది గమనించరు. మానవీయత ఒక పక్క, సాంకేతిక నైపుణ్యం ఇంకో పక్క అన్నట్లు మనం మాట్లాడుతుంటాం గానీ, చేయి వణికే విద్యార్థి రోగి కళ్ళలోకి చూడలేడు. అందువల్ల ల్యాబులో చేతులు తడబడకుండా పని చేసే దశ వచ్చేంత వరకు అభ్యాసం చేయించి, ఆ తర్వాత సంభాషణను కలపడం మంచిదని నా అభిప్రాయం.

ఆ చట్రంలోనే సంరక్షణ జరిగే వాతావరణం అనే భాగం ఒకటి ఉంది. సిబ్బంది మధ్య సంబంధాలు, అధికారాన్ని పంచుకునే తీరు, కొత్తగా ఏదైనా ప్రయత్నించి చూసే స్వేచ్ఛ వంటివి ఇందులోకి వస్తాయి. బోధకులుగా మనం విద్యార్థిని మార్చాలని చూస్తాం, వాతావరణాన్ని పట్టించుకోము. ఒక చిన్న మార్పు సూచిస్తాను. విద్యార్థి పడక దగ్గర నుంచి రాగానే మీరు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో ఒకసారి గమనించండి. "బీపీ ఎంత? యూరిన్ అవుట్‌పుట్ ఎంత?" అన్నవే ఎప్పుడూ మొదటి ప్రశ్నలైతే, ఆ జవాబులు పట్టుకురావడమే తన పని అని విద్యార్థి తీర్మానించుకుంటాడు. వాటితో పాటు "ఈ రోజు ఆయనకు అన్నిటికంటే ఇబ్బందిగా ఉన్నది ఏమిటని చెప్పారు?" అని ప్రతిరోజూ, ప్రతి విద్యార్థినీ, మినహాయింపు లేకుండా అడిగి చూడండి. జవాబు తెలియక నిలబడవలసి వస్తుందని తెలిసిన విద్యార్థి మరునాడు రోగిని అడిగి వస్తాడు. మొదట్లో మార్కుల కోసమే అడుగుతాడు, నిజమే. అయినా అడిగిన ప్రశ్నకు ఒక మనిషి నిజమైన జవాబు చెప్పడం మొదలుపెట్టాక, వినే తీరు దానంతట అదే మారడం నేను చాలామందిలో చూశాను.

జవాబు 2 (వార్డు ఇన్‌చార్జి సిస్టర్)

మేడమ్ గారు చెప్పిన మొదటి ప్రశ్న సంగతితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ముందు చేతులకు అలవాటు చేసి, తర్వాత సంభాషణను కలపాలన్న దానితో గౌరవంగానే విభేదిస్తాను. బొమ్మ మీద మౌనంగా చేసి చేసి అలవాటైన పనిని విద్యార్థులు మనిషి మీద కూడా మౌనంగానే చేస్తారు. మా వార్డుకు వచ్చే విద్యార్థులలో ఇది స్పష్టంగా కనబడుతుంది. మొదటి రోజు బొమ్మకు బీపీ పట్టీ చుట్టేటప్పుడే "నేను మీ చేతికి పట్టీ చుట్టబోతున్నాను, కాస్త బిగుతుగా అనిపిస్తుంది, నొప్పి ఎక్కువైతే చెప్పండి" అని పైకి పలకడం అలవాటు చేయాలి. అప్పుడు మాట ఆ ప్రక్రియలో భాగమవుతుంది. తర్వాత కలిపే మాట అదనపు బరువుగా తోచి, పని ఒత్తిడి పెరగగానే మొట్టమొదట జారిపోయేది అదే అవుతుంది.

సమయం గురించి. వ్యక్తి కేంద్రిత సంరక్షణ అంటే పని అంతా అయ్యాక రోగి పక్కన కూర్చుని కబుర్లు చెప్పడమని విద్యార్థులు అనుకుంటారు. అలాంటి తీరిక ఏ వార్డులోనూ ఉండదు. స్నానం చేయించేటప్పుడు, పక్క మార్చేటప్పుడు, మందు ఇచ్చేటప్పుడు, డ్రెస్సింగు చేసేటప్పుడు మనం ఎలాగూ రోగి పక్కనే ఉంటాం, ఆ సమయమే మనకున్న సమయం. అందుకే నేను విద్యార్థులకు మొదటి నిమిషం మీద గట్టిగా శిక్షణ ఇస్తాను. తన పేరు, తాను విద్యార్థినన్న సంగతి చెప్పాలి. రోగిని ఎలా పిలవాలో ఆయననే అడిగి తెలుసుకోవాలి. ఏం చేయబోతున్నదీ చెప్పి, ఇప్పుడు చేయవచ్చా, కాసేపు ఆగాలా అని అడగాలి, ఆగమంటే నిజంగా ఆగాలి.

పేరు చెప్పడం మరీ చిన్న విషయమనిపించవచ్చు. కేట్ గ్రేంజర్ అనే ఇంగ్లండు వైద్యురాలు క్యాన్సరుతో 2013లో ఆసుపత్రిలో చేరినప్పుడు, తన దగ్గరకు వచ్చే సిబ్బందిలో చాలామంది తమ పేరైనా చెప్పకుండానే పని చేసి వెళ్ళడం గమనించి, "హలో, నా పేరు..." అనే ప్రచారాన్ని మొదలుపెట్టారు. 2016లో మరణించే వరకు ఆమె దాని కోసం పనిచేశారు. వైద్యం తెలిసిన మనిషికే ఆ లోటు అంతగా తగిలిందంటే, మన మాటలే సగం అర్థం కాని రోగి పరిస్థితి ఎలా ఉంటుందో ఆలోచించండి.

కూర్చోవడం గురించి కూడా చెప్పాలి. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, శస్త్రచికిత్స తర్వాత తమను చూడడానికి వచ్చిన వైద్యుడు కూర్చుని మాట్లాడినప్పుడు, గడిపిన సమయం దాదాపు సమానమే అయినా, ఆయన ఎక్కువసేపు ఉన్నారని రోగులు భావించారు. మంచం పక్కన స్టూలు ఉంటే దాని మీద కూర్చోమని విద్యార్థికి చెప్పడానికి ఖర్చేమీ లేదు. కానీ స్టాఫ్ నర్సులు నిలబడే ఉంటే, విద్యార్థి తాను కూర్చోవడం సోమరితనంగా కనిపిస్తుందని భయపడతాడు. మా సిబ్బంది ఏం చేస్తారో విద్యార్థులు దాన్నే నేర్చుకుంటారు, మీరు తరగతిలో ఏం చెప్పినా సరే. కాబట్టి పోస్టింగుకు ముందు మీరు వార్డు ఇన్‌చార్జితో కూర్చుని, విద్యార్థుల నుంచి ఏం ఆశిస్తున్నారో మాట్లాడుకోవడం తప్పనిసరి. మా దగ్గర విద్యార్థి హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు, అంటే రోగుల వివరాలను తర్వాతి షిఫ్టుకు అప్పగించేటప్పుడు, వ్యాధి, మందులు, వైటల్స్ (బీపీ, నాడి వంటి కొలతలు)తో పాటు ఆ మనిషికి ముఖ్యమైన విషయం ఒక్క వాక్యంలో చెప్పాలని నియమం పెట్టాము. "రాత్రి దీపం పూర్తిగా ఆర్పితే ఈయనకు ఊపిరి ఆడనట్లుంటుంది, చిన్న దీపం ఉంచాలి" అన్న వాక్యం విన్న తర్వాతి షిఫ్టు సిస్టర్ ఆ రాత్రి దీపం ఉంచింది. తాను తెలుసుకున్నది వేరొకరి పనిని మార్చిందని చూసినప్పుడు విద్యార్థికి కలిగే నమ్మకం, మనం ఇచ్చే ఏ ఉపన్యాసంతోనూ కలగదు.

జవాబు 3 (సిమ్యులేషన్ ల్యాబు బాధ్యురాలు)

మార్కుల ప్రశ్నకు నా వంతు జవాబు ఇస్తాను. ముందుగా, చెక్‌లిస్టులో "సానుభూతి చూపెను" అని ఒక గడి పెట్టి మార్కు వేయడం మానేయండి. ఆ గడి ఉన్నంత కాలం విద్యార్థులు ఓస్కీ (నైపుణ్యాలను ఒక్కొక్కటిగా చేయించి చూసే ప్రాయోగిక పరీక్ష)లో రోగి నోరు తెరవగానే "మీ బాధ నాకు అర్థమైంది" అని అప్పజెప్పి తర్వాతి అంశానికి వెళతారు. రోనాల్డ్ హార్డెన్ బృందం 1975లో ఓస్కీని పరిచయం చేసినప్పుడు పరీక్షకుడి ఇష్టాయిష్టాలకు అతీతంగా, అందరికీ ఒకే కొలతతో నైపుణ్యాన్ని పరీక్షించాలన్నది ఉద్దేశం. ప్రక్రియల విషయంలో అది చక్కగా నెరవేరుతుంది. సంబంధాల విషయంలో మాత్రం గడులు లెక్కపెడితే, విద్యార్థి కూడా గడులనే నింపుతాడు.

దానికి బదులు మేము పాత్రధారి రోగులతో సన్నివేశాలు తయారు చేస్తాము. శిక్షణ పొందిన వ్యక్తి రోగి పాత్ర వహించే ఈ పద్ధతిని హోవర్డ్ బారోస్ 1963లో వైద్య విద్యలో ప్రవేశపెట్టారు, నర్సింగ్‌కు కూడా అది చక్కగా సరిపోతుంది. ఇందులో కీలకం సన్నివేశం రాయడంలోనే ఉంది. ప్రతి పాత్రకూ పైకి చెప్పే ఫిర్యాదు ఒకటి, లోపల దాచుకున్న చింత ఒకటి ఉంటాయి. ఇన్సులిను వేసుకోనంటున్న మనిషి లోపల, తన తల్లి ఇన్సులిను మొదలుపెట్టిన కొద్ది కాలానికే కాలు పోగొట్టుకుందని, ఇంజెక్షన్ వల్లే అలా జరిగిందని నమ్ముతూ ఉండవచ్చు. విద్యార్థి "ఇన్సులిను వేసుకోకపోతే ప్రమాదం" అని బోధ మొదలుపెడితే పాత్రధారి తల ఊపి ఊరుకుంటారు. "దీని గురించి మీకు ఏమనిపిస్తోంది?" అని అడిగి, జవాబు కోసం కాసేపు మౌనంగా ఆగితేనే తల్లి సంగతి చెప్పాలని వారికి సూచన ఇస్తాము. ఆ మౌనం చాలామందికి చేతకాదు. బెక్‌మన్, ఫ్రాంకెల్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో, రోగి తన సమస్య చెప్పడం మొదలుపెట్టాక వైద్యులు సగటున 18 సెకన్లకే అడ్డుతగిలారని తేలింది. సన్నివేశం వీడియో చూపించి, తాము ఎంతసేపు ఆగగలిగారో విద్యార్థులనే లెక్క చూసుకోమంటాము.

సన్నివేశం తర్వాత జరిగే డీబ్రీఫింగే, అంటే జరిగినదాన్ని కూర్చుని చర్చించుకోవడమే, అసలైన తరగతి. దానికి సన్నివేశం కంటే ఎక్కువ సమయం కేటాయించాలి. గ్రాహం గిబ్స్ 1988లో చెప్పిన ఆలోచనా చక్రం ఇక్కడ సాయపడుతుంది: ఏం జరిగింది, అప్పుడు ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగోలేదు, ఎందుకు అలా జరిగింది, ఇంకేం చేసి ఉండవచ్చు, మళ్ళీ ఇలాంటి సందర్భం వస్తే ఏం చేస్తారు. దీన్ని ఇంటికి ఇచ్చి రాయించే అసైన్‌మెంటుగా మారిస్తే, టీచరుకు నచ్చే భావాలు కాగితం మీదికి వస్తాయే తప్ప లోపలివి రావు. ముఖాముఖి మాట్లాడించాలి. పాత్రధారి చేత కూడా తన అనుభవం చెప్పించాలి, "మీరు నా చేయి తాకినప్పుడు మీ చూపు గడియారం మీద ఉంది" వంటి మాటను విద్యార్థి ఏళ్ళ తరబడి మరచిపోడు.

ఇక మార్కులు. మేము రెండు ప్రశ్నలకు వేస్తాము. కేస్ షీటులో లేని ఏ విషయం ఈ మనిషి గురించి నీకు తెలిసింది? దాని వల్ల నీ కేర్ ప్లాన్‌లో (సంరక్షణ ప్రణాళికలో) ఏం మార్చావు? రెండో ప్రశ్నే ప్రధానం. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదానికి చెప్పలేకపోతే, విద్యార్థి పరిచయం చేసుకున్నాడు గానీ సంరక్షణ మారలేదు. మీ పెద్దావిడ విషయంలో, కాలు వంచలేదని తెలిసిన విద్యార్థిని డ్రెస్సింగు మార్చడం ఇంట్లో ఎవరికి నేర్పాలో కనుక్కుని, వారి చేత ఒకసారి చేయించి చూసి, "మీకు అర్థమైనది నాకు మీ మాటల్లో చెప్పండి" అని అడిగి సరిచూసుకుంటే ఆ మార్పుకు మార్కు వేయవచ్చు. ఇది కంటికి కనబడేది, ఇద్దరు పరీక్షకులు దాదాపు ఒకేలా అంచనా వేయగలిగేది.

జవాబు 4 (చివరి సంవత్సరం విద్యార్థిని)

పెద్దలందరూ రాసినవి చదివాను. విద్యార్థుల వైపు నుంచి కూడా కొంత చెప్పాలని ధైర్యం చేస్తున్నాను. మేము రోగితో మాట్లాడకపోవడానికి ఎప్పుడూ సమయమే కారణం కాదు, భయం కూడా ఒక కారణం. మాట్లాడడం మొదలుపెడితే ఆయన "నేను బతుకుతానామ్మా?" అని అడుగుతారేమో, ఏడుస్తారేమో, అప్పుడు ఏం చేయాలో మాకు తెలియదు. తప్పు మాట అంటే రోగికి హాని జరుగుతుందని, సిస్టర్‌కు తెలిస్తే కోప్పడతారని అనుకుంటాము. అందుకే మాట అక్కడి దాకా రాకముందే "డాక్టరు గారు చెబుతారు" అని తప్పుకుంటాము. ప్రశ్నలోని ఆ విద్యార్థిని మాట వెనుక కూడా ఇదే ఉండి ఉండవచ్చు.

తెలియని ప్రశ్న ఎదురైనప్పుడు ఏం అనవచ్చో మాకు ముందే నేర్పితే చాలా మేలు. ఒక టీచరు గారు మాకు "దీనికి జవాబు నాకు తెలియదు, కానీ మీరు అడిగినది నాకు ముఖ్యం, సిస్టర్‌ను తీసుకువచ్చి ఆమె పక్కనే ఉంటాను" అనే మాట నేర్పారు. ఆ తర్వాత నాకు పడక దగ్గర నిలబడే ధైర్యం వచ్చింది.

ఇంకొక విన్నపం. రోగి ఎదురుగా మమ్మల్ని మందలించినప్పుడు, మేము ఆ పడక వైపు వెళ్ళడానికే వెనకాడతాము. రోగికి కూడా మా మీద నమ్మకం పోతుంది. పొరపాటు జరిగితే తప్పక ఆపండి, హాని జరగకుండా చూడండి, కానీ వివరంగా చెప్పే మాటలు పక్కకు తీసుకువెళ్ళి చెప్పండి. పోస్టింగు మొత్తంలో మా పేరు కాక రోల్ నంబరే వినబడుతుంటే, రోగిని పేరుతో పిలవాలన్న పాఠం మాకు పరాయిగా ఉంటుంది.

జవాబు 5 (మానసిక ఆరోగ్య నర్సింగ్ బోధకురాలు)

చివరి సంవత్సరం విద్యార్థిని రాసిన జవాబును బోధకులందరూ రెండుసార్లు చదవాలని కోరుతున్నాను. ఆమె చెప్పిన భయాన్ని ఇసబెల్ మెన్జీస్ 1960లో ఒక లండన్ ఆసుపత్రి నర్సింగ్ వ్యవస్థ మీద చేసిన అధ్యయనంలో లోతుగా వివరించారు. నొప్పి, మరణం, శరీరం, ఏడుపు ఇన్నిటి మధ్య రోజూ పనిచేసే నర్సులకు కలిగే ఆందోళనను తట్టుకోవడానికి, ఆ వ్యవస్థ తనకు తెలియకుండానే కొన్ని రక్షణ మార్గాలు తయారు చేసుకుంది. ఒక రోగిని పూర్తిగా ఒకరికి అప్పగించకుండా అందరు రోగులకూ తలా ఒక పని చేయించడం, రోగిని పేరుతో కాక పడక నంబరుతో, రోగం పేరుతో, చెడిన అవయవంతో పిలవడం, ఏ నిర్ణయమూ ఒకరి మీద పడకుండా ఎన్నోసార్లు సరిచూడడం వంటివి ఆమె అందులో నమోదు చేశారు. అంటే ప్రశ్నలో కనిపించిన "ఆరో బెడ్" అనే పిలుపు నిర్లక్ష్యమే కానక్కరలేదు, బాధకు దగ్గరగా వెళ్ళకుండా కాపాడుకునే కవచం కావచ్చు. కవచాన్ని బలవంతంగా లాగేసి, దాని స్థానంలో వేరే ఆసరా ఏదీ ఇవ్వకపోతే విద్యార్థి కుంగిపోతుంది, లేదా ఇంకా మందమైన కవచం తొడుక్కుంటుంది.

అందువల్ల నా మొదటి సూచన పనిని పంచే తీరు గురించి. వీలైనంత వరకు విద్యార్థికి పనులను కాక మనుషులను అప్పగించండి. ఒక ఉదయం పదిమందికి బీపీ చూసే విద్యార్థి కంటే, ఇద్దరి మొత్తం సంరక్షణ చూసే విద్యార్థి ఎక్కువ నేర్చుకుంటుంది. రెండో సూచన, పోస్టింగు చివర మనసు విప్పి మాట్లాడుకునే సమయం గురించి. ఊపిరితిత్తుల క్యాన్సరుతో 1995లో మరణించిన బోస్టన్ న్యాయవాది కెన్నెత్ ష్వార్ట్జ్, తనకు చికిత్స చేసినవారి చిన్న చిన్న ఆదరణలు తనకెంత బలమిచ్చాయో రాశారు. ఆయన పేరుతో ఏర్పడిన సంస్థ ద్వారా వచ్చిన ష్వార్ట్జ్ రౌండ్లలో సిబ్బంది తమ పనిలోని భావోద్వేగాల గురించి మాట్లాడుకుంటారు, చికిత్స సరైనదా కాదా అన్న చర్చ అందులో ఉండదు. విద్యార్థులతో దీన్ని చిన్న స్థాయిలో చేయవచ్చు. షరతు ఒక్కటే: అక్కడ మాట్లాడినదానికి మార్కులు ఉండకూడదు.

తన మాట తాను చెప్పుకోలేని రోగి గురించి ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు గనుక కొంచెం రాస్తాను. ఈ ఆలోచనా ధోరణి మొత్తానికి కార్ల్ రోజర్స్ మానసిక చికిత్సలో చెప్పిన షరతులు లేని ఆదరణ ఒక మూలమైతే, టామ్ కిట్‌వుడ్ డిమెన్షియా సంరక్షణలో చేసిన కృషి ఇంకొకటి. జ్ఞాపకం పోయినంత మాత్రాన వ్యక్తిత్వం పోదని, చుట్టూ ఉన్నవారు ఇచ్చే గుర్తింపులోనే అది నిలుస్తుందని ఆయన వాదించారు. చెడ్డ ఉద్దేశం ఏమీ లేకుండానే సిబ్బంది ఆ వ్యక్తిత్వాన్ని ఎలా దెబ్బతీస్తారో ఆయన వివరంగా జాబితా వేశారు: మాయమాటలు చెప్పి పని చేయించడం, పసిపిల్లలతో మాట్లాడినట్లు మాట్లాడడం, వారు తినగలిగే వేగానికి మించి తొందరపెట్టడం, వారు అక్కడ లేనట్లే పక్కవారితో మాట్లాడుకోవడం. ఈ జాబితాను విద్యార్థుల చేతికి ఇచ్చి, వార్డులో ఒక గంట ఊరికే గమనించమనండి, ఎవరినీ పేరు పెట్టి తప్పుపట్టకుండా. కుటుంబ సభ్యులను అడిగి ఆ మనిషి చేసిన పని, నిద్రలేచే వేళ, అతను దేనికి భయపడతాడు, ఏ మాటకు శాంతిస్తాడు అన్నవి ఒక పేజీలో రాసి పడక దగ్గర ఉంచడం తర్వాతి అభ్యాసం. స్నానానికి ఎదురు తిరుగుతున్నాడని కేస్ షీటులో రాసి ఉన్న మనిషి, జీవితమంతా రాత్రి పని ముగిశాకే స్నానం చేసేవాడని తెలిస్తే, మారవలసింది స్నానం చేయించే వేళేనని విద్యార్థికి అర్థమవుతుంది.

ప్రశ్న అడిగిన బోధకురాలు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. వచ్చే పోస్టింగు నుంచి విద్యార్థులకు పనులకు బదులు ఇద్దరేసి రోగులను అప్పగించడం, హ్యాండోవరులో ఆ ఒక్క వాక్యం, కేర్ ప్లాన్‌లో ఏం మారిందన్న ప్రశ్నకు మార్కులు, వారాంతంలో మార్కులు లేని సమావేశం మొదలుపెడతాను. వరుస విషయంలో ఇన్‌చార్జి సిస్టర్ గారి మాటే నాకు సరైనదనిపిస్తోంది, ల్యాబులో మొదటి రోజు నుంచే మాట కూడా ఉండాలి. రోల్ నంబర్ల గురించి చదివాక, మా హాజరు పిలిచే పద్ధతిని కూడా మార్చవలసి ఉందని గ్రహించాను.

ఒక సందేహం మాత్రం మిగిలింది. మేము ఎంత అడిగినా కొందరు రోగులు "నాకేం తెలుసమ్మా, మీకు ఏది మంచిదనిపిస్తే అదే చేయండి" అంటారు. విద్యార్థులు దానితో అయోమయంలో పడుతున్నారు. నిర్ణయంలో భాగం తీసుకోమని రోగిని ఒత్తిడి చేయడం కూడా ఆయన ఇష్టాన్ని తోసిపుచ్చడమే కదా?

జవాబు 6 (వార్డు ఇన్‌చార్జి సిస్టర్)

నిర్ణయం మరొకరికి వదిలేయడం కూడా ఆయన ఎంచుకోగలిగినదే, దాన్ని గౌరవించవచ్చు. అయితే ఆ మాట వెనుక ఏముందో ఒకసారి తెలుసుకున్నాకే. అది నమ్మకంతో అన్నది కావచ్చు, అలసటతో అన్నది కావచ్చు, మనం చెప్పినది అర్థం కాలేదని ఒప్పుకోవడానికి మొహమాటపడి అన్నది కావచ్చు. విద్యార్థులకు నేను చెప్పేది ఇది: పెద్ద నిర్ణయాన్ని ముందు పెట్టకుండా, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో, ఇంట్లో ఎవరితో మాట్లాడమంటారో అడగండి. ఆ తర్వాత చిన్న విషయాలలో అడుగుతూ ఉండండి: ఇంజెక్షను ఏ చేతికి, నొప్పి మందు నడవడానికి ముందా తర్వాతా, తెర వేయమంటారా వద్దా. చిన్న ప్రశ్నలకు తన జవాబు ప్రకారం నిజంగానే పని జరుగుతోందని రెండు మూడు రోజులు చూశాక, పెద్ద విషయాల గురించి తనంతట తానే అడిగే రోగులు చాలామంది ఉంటారు. అప్పటికీ "మీ ఇష్టమేనమ్మా" అనే మనిషి ఉంటే, ఆయన కోరినది అదేనని కేస్ షీటులో స్పష్టంగా రాసి, పరిస్థితి మారినప్పుడు మళ్ళీ అడగమని తర్వాతి షిఫ్టుకు చెప్పమనండి.